టెస్టోస్టిరాన్ మగవాళ్ళంత ఉంది, పెదవి మీద నూగు కూడా లేదు. ఇదెలా?

భారతి_సీతమ్మధార
మా అక్క కూతురికి పదిహేడు నిండాయి, ఇంటర్ సెకండియర్. ఇంకా పెద్దమనిషి కాలేదు. వాళ్ళ నానమ్మ ఓణీల ఫంక్షన్ కోసం కొన్న పట్టుచీర బీరువాలోనే ఉంది. పిల్ల మంచి పొడగరి. ఛాతీ తోటి ఆడపిల్లల్లాగే పెరిగింది. కానీ చంకల్లో, కింద వెంట్రుకలు దాదాపు లేవు, మొహం మీద ఒక్క మొటిమ కూడా రాలేదు. చిన్నప్పుడు గజ్జల్లో హెర్నియా వస్తే ఆపరేషన్ చేయించారు.

పోయిన వారం ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. స్కానింగ్‌లో గర్భసంచి కనపడలేదు. టెస్టోస్టిరాన్ చూస్తే మగవాళ్ళ రేంజ్‌లో ఉంది. క్రోమోజోముల రిపోర్టు 46 ఎక్స్‌వై అని వచ్చింది. డాక్టరు వరండాలో నిలబడి, పక్కన వేరే పేషెంట్లు వింటుండగానే, "జన్యుపరంగా ఈమె మగ, లోపల వృషణాలున్నాయి, వెంటనే తీయించేయండి" అనేసి వెళ్ళిపోయారు. మా అక్క అక్కడే కూలబడింది. పిల్ల ఆ టైముకి మందుల కౌంటర్ దగ్గర ఉంది కాబట్టి వినలేదు.

ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు. అది పక్కన పెట్టి అడుగుతున్నాను. ఒంట్లో అంత మగ హార్మోన్ ఉంటే పిల్ల ఇంత నున్నగా ఎలా ఉంది? అక్కా బావలది మేనరికం. అందువల్లే వచ్చిందని అత్తగారి వైపు వాళ్ళు అంటున్నారు, నిజమేనా? ఆపరేషన్‌కి అంత తొందర ఏమిటి?

కెరటం_ఆర్కేబీచ్
రిపోర్టు మారిపోయి ఉంటుందండి. ముందు ఇంకో ల్యాబులో చేయించండి.

మద్దిలపాలెం_కుర్రాడు
ఎక్స్‌వై అంటే మగే కదా? ఇంటర్ జువాలజీలో అదే చదివాం. డాక్టరు చెప్పిన పద్ధతి తప్పేమో గానీ విషయం తప్పు కాదేమో.

పద్మ_పెందుర్తి
కుర్రాడూ, పదిహేడేళ్ళు ఆడపిల్లగా పెరిగిన బిడ్డ గురించి మాట్లాడుతున్నాం. కాస్త చూసి రాయి.

మద్దిలపాలెం_కుర్రాడు
పద్మక్కా, సారీ. నిజంగానే అర్థం కాక అడిగాను.

జువాలజీ_మాస్టారు
అడగాల్సిన ప్రశ్నే అడిగాడు, తిట్టకండి. నేను డిగ్రీ కాలేజీలో చెప్పి రిటైరయ్యాను. సిలబస్‌లో ఈ పాఠం సగంలోనే ఆగిపోతుంది, మిగతా సగం చెప్తాను.

కడుపులో పిండానికి దాదాపు ఆరు వారాలు వచ్చేదాకా ఆడా మగా తేడా కనపడదు. ఆడ నాళాలు, మగ నాళాలు రెండు జతలూ ప్రతి పిండంలోనూ ఉంటాయి. వై క్రోమోజోము మీద ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉంటే ఆ తర్వాత వృషణాలు తయారవుతాయి. ఈ జన్యువును 1990లో లండన్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. వై చేసే ముఖ్యమైన పని దాదాపు అక్కడితో అయిపోతుంది. అక్కడి నుంచి నడిపేది హార్మోన్లు.

వృషణాల నుంచి రెండు సందేశాలు వెళ్తాయి. ఒకటి ఏఎంహెచ్. ఇది గర్భసంచిగా మారాల్సిన నాళాలను కరిగించేస్తుంది. రెండోది టెస్టోస్టిరాన్. ఇది మగ నాళాలను నిలబెడుతుంది. అందులో కొంత డీహెచ్‌టీ అనే ఇంకా బలమైన రూపంలోకి మారి బయటి అవయవాలను మగవాటిగా తీర్చుతుంది. 1940లలో ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాలకు తల్లి కడుపులో ఉండగానే వృషణాలు తీసేసి చూశాడు. అవన్నీ ఆడ శరీరంతోనే పెరిగాయి, వై ఉన్నవి కూడా.

ఇక భారతి గారి ప్రశ్న. హార్మోన్ అనేది ఫోన్ కాల్ లాంటిది. అవతల ఎత్తేవాళ్ళు లేకపోతే ఎంతసేపు మోగినా కబురు అందదు. ఆ ఎత్తే మనిషి పేరే రిసెప్టర్. టెస్టోస్టిరాన్‌కూ డీహెచ్‌టీకీ కలిపి ఉన్నది ఒకటే, ఆండ్రోజెన్ రిసెప్టర్. అది కణం లోపలే ఉంటుంది. హార్మోన్ వచ్చి అతుక్కోగానే కేంద్రకంలోకి వెళ్ళి, డీఎన్ఏ మీద కూర్చుని, ఏ జన్యువులు పనిచేయాలో చెప్తుంది. అది తయారయ్యే సూచనలోనే లోపం ఉంటే ఒంట్లో టెస్టోస్టిరాన్ ఎంత పారినా ఏ కణానికీ తెలియదు. చర్మానికి తెలియదు, అందుకే మొటిమ లేదు, వెంట్రుక లేదు.

భారతి_సీతమ్మధార
మాస్టారూ, ఇలా ఎవరూ చెప్పలేదు. మా అక్కకి చదివి వినిపించాను.

మద్దిలపాలెం_కుర్రాడు
మాస్టారూ, మీరు మా కాలేజీలో ఉండి ఉంటే నాకు బైపీసీలో ఇంకో ఇరవై మార్కులు వచ్చేవి 🙂 ఒక డౌటు. మగ హార్మోన్ పనిచేయలేదు, సరే. మరి ఛాతీ ఎలా పెరిగింది? అండాశయాలు లేవు కదా.

ఎండో_రెసిడెంట్
హార్మోన్ల విభాగంలో పీజీ తర్వాతి కోర్సు చేస్తున్నాను. పిల్లను చూడకుండా ఇది ఫలానా జబ్బని నేను చెప్పకూడదు. కానీ భారతి గారు రాసిన లక్షణాలు పూర్తి ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ, అంటే మగ హార్మోన్లకు ఒళ్ళు అసలు స్పందించకపోవడం, వైపే చూపిస్తున్నాయి. ఏఐఎస్ అంటాం.

ఛాతీ సంగతి. మన ఒంట్లో అరోమటేజ్ అనే ఎంజైము టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మగవాళ్ళలోనూ ఈ పని జరుగుతుంది, కానీ వాళ్ళ ఆండ్రోజెన్ రిసెప్టర్ ఛాతీ పెరగకుండా ఆపుతుంది. ఈ పిల్లలో ఆపేది లేదు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ మాత్రం బాగానే ఉంది. అందుకని యుక్తవయసు రాగానే మందులేవీ లేకుండానే ఛాతీ పెరుగుతుంది. మాస్టారు చెప్పిన ఫోను మెదడులో కూడా ఎవరూ ఎత్తరు. ఇక్కడ టెస్టోస్టిరాన్ చాలడం లేదనుకుని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మళ్ళీ మళ్ళీ డయల్ చేస్తూనే ఉంటుంది. అందుకే అది పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్ పెరుగుతుంది, టెస్టోస్టిరాన్ మగవాళ్ళ స్థాయిలోనో, ఇంకాస్త పైనో ఉంటుంది.

గర్భసంచి ఎందుకు లేదంటే, ఏఎంహెచ్‌కి రిసెప్టర్ వేరు. అది బాగానే ఉంది కాబట్టి ఆ పని సక్రమంగా జరిగిపోయింది. గర్భసంచి లేకపోతే నెలసరి రాదు. కాబట్టి ఇంకో ఏడాది చూద్దాం, వేడి వస్తువులు పెడదాం అనే సలహాలు ఆపించండి.

ఆ హెర్నియా దగ్గర కూడా ఆగాలి. ఆడపిల్లల్లో గజ్జల హెర్నియా తక్కువ. అలా వచ్చినవాళ్ళలో నూటికి ఒకరిద్దరికి ఈ పరిస్థితి ఉంటుందని పుస్తకాల్లో ఉంది. రెండు వైపులా వస్తే ఇంకా జాగ్రత్తగా చూడాలి. అప్పటి ఆపరేషన్ కాగితాలుంటే వెతకండి.

కెరటం_ఆర్కేబీచ్
మా పిన్ని కూతురికీ గర్భసంచి లేదు, కానీ క్రోమోజోములు ఎక్స్ఎక్స్. అదీ ఇదీ ఒకటేనా?

ఎండో_రెసిడెంట్
కాదు. మీరు చెప్పేది ఎంఆర్‌కేహెచ్, అంటే ఎక్స్ఎక్స్ ఆడపిల్లల్లో పుట్టుకతోనే గర్భసంచి ఏర్పడకపోవడం, అయి ఉండొచ్చు. సుమారు ఐదు వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది, ఏఐఎస్ కన్నా ఎక్కువే. అందులో అండాశయాలు బాగుంటాయి, వెంట్రుకలు మామూలుగా వస్తాయి, టెస్టోస్టిరాన్ ఆడవాళ్ళ స్థాయిలోనే ఉంటుంది. బయటికి రెండూ "నెలసరి రాలేదు, గర్భసంచి లేదు" అనే కనపడతాయి. అందుకే క్రోమోజోముల పరీక్ష లేకుండా ఎవరూ తేల్చి చెప్పకూడదు.

ల్యాబ్_రాజు
కెరటం గారు మొదట రాసినదానికి. హార్మోన్లు, స్కానింగ్, క్రోమోజోములు మూడూ ఒకే మాట చెప్తున్నప్పుడు శాంపిల్ మారిందని ఆశపడటం వృథా. అయినా ఇంత పెద్ద విషయానికి రెండోసారి రక్తం ఇచ్చి ఖాయం చేసుకోవడం మంచిదే. కార్యోటైప్‌కి, అంటే క్రోమోజోముల పరీక్షకి, ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులోనే తీయాలి. కణాలు బతికి ఉండాలి, వాటిని దాదాపు 72 గంటలు పెంచి, విభజన మధ్యలో ఆపి, అప్పుడు లెక్కపెడతారు. రిసెప్టర్ లోపం మాత్రం అందులో కనపడదు. దానికి ఏఆర్ (ఆండ్రోజెన్ రిసెప్టర్) జన్యువు సీక్వెన్సింగ్ అని విడిగా అడగాలి. ఆ శాంపిల్ వేరే ట్యూబు, బయటి ఊరికి వెళ్తుంది.

పద్మ_పెందుర్తి
మేనరికం సంగతి ఎవరూ మాట్లాడరేం? మా ఇంట్లో చూశాను కాబట్టి చెప్తున్నాను. మా తమ్ముడు మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. పాప పుట్టగానే బాబో పాపో చెప్పలేకపోయారు. కింద అవయవం అంత పెద్దగా ఉంది. రెండో వారంలో వాంతులు, పాలు తాగడం మానేసింది, ఒళ్ళు చల్లబడింది. సోడియం పడిపోయిందని ఐసీయూలో పెట్టారు. ప్రాణం దక్కడమే గొప్ప. ఇప్పటికీ రోజూ మాత్రలే. మన ఉత్తరాంధ్రలో మేనరికాలు మానితే తప్ప ఇవి ఆగవు.

జువాలజీ_మాస్టారు
పద్మమ్మా, మీ పాపది వేరే దారి. అది అడ్రినల్ గ్రంథుల సమస్య అయి ఉంటుంది.

ఎండో_రెసిడెంట్
అవును, సీఏహెచ్. పద్మ గారి మేనకోడలిలో క్రోమోజోములు ఎక్స్ఎక్స్, గర్భసంచి, అండాశయాలు అన్నీ ఉంటాయి. ఒక ఎంజైము లేక కార్టిజాల్ అనే హార్మోన్ తయారవదు, ఆ ముడిసరుకంతా ఆండ్రోజెన్ వైపు మళ్ళుతుంది. రిసెప్టర్ ఆరోగ్యంగా ఉంది కాబట్టి ఆ సందేశాన్ని విని బయటి అవయవాన్ని పెంచింది. భారతి గారి అక్క కూతురిలో దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. హార్మోన్ నిండుగా ఉంది, వినే రిసెప్టర్ లేదు. ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూస్తే శరీరాన్ని ఏ వైపు నడిపేదీ క్రోమోజోము ఒక్కటే కాదని తెలుస్తుంది.

మేనరికం గురించి మీరు చెప్పింది సీఏహెచ్‌కి నిజం. తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి, రెండు లోపాలు కలిస్తేనే వస్తుంది, కాబట్టి దగ్గరి సంబంధాల్లో అవకాశం పెరుగుతుంది. ఏఐఎస్ అలా కాదు. ఏఆర్ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. ఎక్స్‌వై బిడ్డకు ఉన్న ఒక్క ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. తండ్రి బావైనా, ముక్కూమొహం తెలియని వాడైనా తేడా లేదు. సుమారు మూడో వంతు కేసుల్లో తల్లికి కూడా లోపం ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది.

ఇంకో మాట పద్మ గారూ. పాపకు జ్వరం వచ్చినప్పుడు స్టెరాయిడ్ డోసు పెంచాలని మీ డాక్టరు చెప్పే ఉంటారు. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్‌కి పరిగెత్తాలి. ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

పద్మ_పెందుర్తి
చెప్పారు. స్కూల్లో టీచరుకి కూడా చీటీ రాసిచ్చాం. ఏఐఎస్ సంగతి ఒప్పుకుంటాను గానీ మేనరికం మీద నా మాట మారదు.

భారతి_సీతమ్మధార
"ఎక్స్ తల్లి నుంచే" అన్న మాట మా అక్కకి చదవలేదు. ఇప్పటికే తనే కారణం అనుకుంటోంది.

నిద్రలేని_నర్సు
చదవండమ్మా. ఈ రోజు కాకపోయినా ఏదో డాక్టరు చీటీ మీద చూసి తెలుసుకుంటుంది. ఎవరి ఒంట్లో ఏ జన్యువు ఉందో ఎవరూ ఎంచుకుని పుట్టరు.

ఆటలంటే_ప్రాణం
ఇక్కడ మరియా హోసే మార్టినెజ్ పటీన్యో గురించి చెప్పాలి. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి. 1985లో జపాన్‌లోని కోబెలో విశ్వవిద్యాలయ క్రీడలకు వెళ్తే క్రోమోజోము పరీక్షలో ఎక్స్‌వై అని తేలింది. తనకీ అప్పటిదాకా తెలియదు. గాయమైందని నటించి తప్పుకొమ్మన్నారు. మరుసటి ఏడాది స్వదేశంలో అలా తప్పుకోవడానికి ఒప్పుకోలేదు, పరుగెత్తి గెలిచింది. విషయం పేపర్లకెక్కింది. స్కాలర్‌షిప్ పోయింది, పతకాలు, రికార్డులు తీసేశారు. ఆమెకున్నది పూర్తి ఏఐఎస్. ఒంట్లో టెస్టోస్టిరాన్ ఉన్నా కండరం దాన్ని వాడుకోలేదు, ఇక లాభం ఎక్కడిది? ఇదే వాదించి 1988లో మళ్ళీ ఆడే హక్కు తెచ్చుకుంది. ఎక్స్‌వై అనగానే మగ అనేసే వాళ్ళు ఆమె కథ చదవాలి.

మద్దిలపాలెం_కుర్రాడు
చదివాను అన్నా. నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను.

వాల్తేరు_వరాలు
అన్నీ బాగానే చెప్తున్నారు. లోపల ఉన్నవి క్యాన్సర్ అవుతాయంటారు కదా? మా ఆడపడుచు వాళ్ళ ఊళ్ళో ఒకమ్మాయికి వెంటనే తీసేశారు. ఆ డాక్టరు తొందరపెట్టడంలో తప్పేముంది?

ఎండో_రెసిడెంట్
వరాలు గారూ, ప్రమాదం ఉంది, కానీ యుక్తవయసు దాటేలోపు పూర్తి ఏఐఎస్‌లో చాలా తక్కువ. పెద్దయ్యాక మెల్లగా పెరుగుతుంది. తీసేస్తే పోయేదేమిటో కూడా చూడాలి. ఈ పిల్లకు ఈస్ట్రోజెన్ అక్కడి నుంచే వస్తోంది. తీసిన రోజు నుంచి ఏళ్ళ తరబడి ఈస్ట్రోజెన్ మందు వాడాలి, లేకపోతే ఎముకలు గుల్లబారుతాయి. కొందరు పెద్దయ్యాక తీయించుకుంటారు, కొందరు స్కానింగులతో గమనిస్తూ ఉంచుకుంటారు. పాక్షిక ఏఐఎస్‌లో లెక్క వేరు. అక్కడ రిసెప్టర్ కొంత పనిచేస్తుంది, క్యాన్సర్ అవకాశమూ ఎక్కువ. కాబట్టి ముందు ఏ రకమో తేలాలి. పదిహేడేళ్ళ పిల్ల, ఆమె ఒళ్ళు. ఆమెను కూర్చోబెట్టి మాట్లాడకుండా కత్తి పెట్టే హక్కు ఎవరికీ లేదు.

అజ్ఞాత_సభ్యురాలు
చాలా రోజులుగా చదువుతూ ఉంటాను, ఎప్పుడూ రాయలేదు. నాకు పూర్తి ఏఐఎస్ ఉంది. వయసు ముప్ఫై దాటింది, ఉద్యోగం చేస్తున్నాను.

నాకు బడికి వెళ్ళే వయసులోనే ఆపరేషన్ చేశారు. అండాశయంలో గడ్డ అని చెప్పారు. పన్నెండో ఏట నుంచి మాత్రలు ఇచ్చారు, బలానికి అన్నారు. ఎందుకో తెలియదు కాబట్టి హాస్టల్‌కి వెళ్ళాక నెలల తరబడి మానేశాను. ఆ తర్వాత ఎముకల స్కాన్ చేస్తే వయసుకు మించి పలచబడ్డాయని చెప్పారు. మాత్ర ఏ పనికో ఒక్కరు చెప్పి ఉంటే నేను ఒక్కరోజు కూడా మానేదాన్ని కాదు.

అసలు విషయం ఇరవై రెండేళ్ళప్పుడు వేరే డాక్టరు దగ్గర పాత ఫైలు తెరిస్తే తెలిసింది. ఏఐఎస్ ఉందని తెలిసి ఏడవలేదు. ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియలేదని ఏడ్చాను. ఆ పదేళ్ళూ నాలో ఏదో చెప్పుకోలేనంత చెడ్డది ఉందనుకుంటూ బతికాను. మా అమ్మ ప్రేమతోనే దాచింది, అది నాకు తెలుసు. అయినా భారతి గారూ, దాచకండి.

నిద్రలేని_నర్సు
రాసినందుకు దండం తల్లీ.

వాల్తేరు_వరాలు
అమ్మాయీ, నీ బాధ అర్థమైంది. కానీ అన్నీ తెలిస్తే రేపు సంబంధాలు ఎవరు తెస్తారు? ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోతే ఆ పిల్ల గతేంటి?

అజ్ఞాత_సభ్యురాలు
వరాలు గారూ, ఊరికి చెప్పమనలేదు, పిల్లకు చెప్పమన్నాను. ఎవరికి చెప్పాలో ఆ తర్వాత తనే నిర్ణయించుకుంటుంది. నేను పెళ్ళికి ముందు ఆయనకి అంతా చెప్పాను. ఆయన ప్రశ్నలు అడిగారు, నాతో పాటు డాక్టరు దగ్గరికి వచ్చారు, తర్వాతే ముహూర్తం పెట్టుకున్నాం. పాపను దత్తత తీసుకున్నాం. చెప్పకుండా చేసుకుని ఉంటే రోజూ భయంతో బతికేదాన్ని.

పద్మ_పెందుర్తి
పెళ్ళికొడుకు దగ్గర దాచడం మోసం అవుతుంది వరాలు గారూ. ఇందులో నేను అమ్మాయి వైపే.

ఎండో_రెసిడెంట్
చిన్నపిల్లల ఆపరేషన్ల గురించి. 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత తమిళనాడు ప్రభుత్వం పసిపిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు ప్రాణాపాయం ఉంటే తప్ప చేయకూడదని జీవో ఇచ్చింది. మన దగ్గర అలాంటి జీవో లేకపోయినా, అడిగి తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఎప్పుడూ ఉంది.

మద్దిలపాలెం_కుర్రాడు
మాస్టారూ, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పనిచేయకపోతే ఏమవుతుంది?

జువాలజీ_మాస్టారు
మంచి ప్రశ్న. 1994లో అమెరికా డాక్టర్లు అలాంటి ఒక మగమనిషి గురించి రాశారు. ఇరవై ఎనిమిదేళ్ళు, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఎముకల చివర్లు మూసుకోలేదు, పైగా గుల్లబారి ఉన్నాయి. టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది, ఈస్ట్రోజెన్ మందు ఇచ్చినా ఒంటికి పట్టలేదు. మగవాళ్ళ ఎముక ముదరడానికి కావాల్సింది కూడా ఈస్ట్రోజెనేనని ఆ ఒక్క మనిషి వల్ల గట్టిగా తెలిసింది. ఆడ హార్మోన్, మగ హార్మోన్ అని మనం విడదీసి చెప్పుకుంటాం గానీ ఒంట్లో అలా ఉండదు.

ఏఎంహెచ్ రిసెప్టర్ లోపమైతే అన్ని విధాలా మగవాడిగా ఉన్నవాడికి లోపల గర్భసంచి మిగిలిపోతుంది. హెర్నియా ఆపరేషన్‌లో సర్జన్ చూసి నివ్వెరపోతాడు.

భారతి_సీతమ్మధార
అందరి పోస్టులూ అక్కకి చదివాను, తల్లి నుంచి వచ్చే ఎక్స్ గురించి కూడా. ఏడ్చింది, తర్వాత "మరి నీ సంగతి చూసుకున్నావా?" అని నన్నే అడిగింది. నాకు అప్పటిదాకా తట్టలేదు. నాకు ఆరేళ్ళ పాప ఉంది. నాలోనూ ఆ జన్యువు ఉండొచ్చా? పాపకి ఇప్పుడే పరీక్ష చేయించాలా?

ఎండో_రెసిడెంట్
వరుసలో వెళ్ళండి. ముందు మీ అక్క కూతురి ఏఆర్ జన్యువులో మార్పు ఏదో దొరకాలి. తర్వాత అదే మార్పు మీ అక్కలో ఉందేమో చూస్తారు. లేకపోతే అది పిల్లలో కొత్తగా వచ్చిందనే ఎక్కువగా అనుకుంటాం, మీ భయం చాలావరకు తీరుతుంది. ఉంటే అప్పుడు మీకు చేస్తారు. అక్కలో ఉంటే అది మీ అమ్మగారి నుంచే వచ్చి ఉండొచ్చు. అలాగైతే మీకు వచ్చే అవకాశం సగానికి సగం. మీలోనూ ఉంటేనే పాపకు క్రోమోజోముల పరీక్ష ఆలోచించాలి. పాపకు గజ్జల్లో ఎప్పుడైనా ఉబ్బు కనపడితే మాత్రం వెంటనే చూపించండి.

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల విభాగం ఉంది, అక్కడ చూపించవచ్చు. ఎక్కడికి వెళ్ళినా విడిగా గదిలో మాట్లాడాలని ముందే అడగండి. సైకాలజిస్టు కూడా ఉంటే మంచిది.

భారతి_సీతమ్మధార
ఇంకొక్కటి. పిల్ల నీట్ రాస్తోంది. పరీక్ష అయ్యాక చెప్పాలని బావ అంటున్నారు.

వాల్తేరు_వరాలు
ఈ మాట మీద బావగారితో ఏకీభవిస్తాను. చదువు పాడవకూడదు.

నిద్రలేని_నర్సు
పిల్లకి స్కానింగ్ అయింది, రక్తం తీశారు, ఇంట్లో అందరి మొహాలూ చూస్తోంది. ఏమీ చెప్పకపోతే చదువుతుందనా? తనకు తానే ఏ క్యాన్సరో అని ఊహించుకుంటూ ఉంటుంది.

అజ్ఞాత_సభ్యురాలు
నర్సు గారి మాటే నాదీ. ఒక్కరోజులో అంతా చెప్పక్కర్లేదు. గర్భసంచి లేదు, అందుకే నెలసరి రాదు, ప్రాణానికి ప్రమాదం లేదు, మిగతాది డాక్టరు దగ్గర కలిసి తెలుసుకుందాం అని ఈ వారమే చెప్పండి. క్రోమోజోముల సంగతి డాక్టరు గదిలో, మీ అక్క పక్కన ఉండగా వినాలి. పిల్లకు నాతో మాట్లాడాలనిపిస్తే ఇక్కడ ప్రైవేటు మెసేజ్ పెట్టండి.

భారతి_సీతమ్మధార
ఈ రాత్రి అక్కే చెప్తానంది. నేను పక్కన ఉంటాను. బావ కూడా సరే అన్నారు. రెండోసారి రక్తం ఎప్పుడు ఇవ్వమంటారు రాజు గారూ?

ల్యాబ్_రాజు
సోమవారం ఉదయం ఇవ్వండి. శుక్ర, శనివారాల్లో తీస్తే మూడు రోజుల కల్చర్ మధ్యలో ఆదివారం పడుతుంది, చాలా చోట్ల తీసుకోరు. కార్యోటైప్‌కి పరగడుపు అక్కర్లేదు. జన్యువు పరీక్షకు కూడా అప్పుడే ఇంకో ట్యూబు తీయమనండి, పిల్లను రెండుసార్లు గుచ్చకుండా అయిపోతుంది.